గోంగూర పచ్చడి పేజీకి ఏ అడ్రస్ మేలు: తెలుగు లిపా, ఇంగ్లీషు అక్షరాలా, అంకెలా?

సొంత సైట్లో గోంగూర పచ్చడి మీద ఒక పేజీ రాశారనుకోండి. దాని అడ్రస్ చివర తెలుగులోనే "గోంగూర-పచ్చడి" అని పెట్టాలా, అదే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలా, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెను అలాగే వదిలేయాలా?

అంకె సంగతి ముందు తేల్చేద్దాం. అంకె ఉన్నా గూగుల్ పేజీని ఇండెక్స్ చేస్తుంది, అంటే తన వెతుకులాట జాబితాలో చేర్చుకుంటుంది. కానీ లింకు చూసిన మనిషికి లోపల ఏముందో తెలియదు. పేరు పెట్టే వీలున్నప్పుడు దాన్ని వదులుకోకండి.

అసలు పోటీ మిగతా రెంటి మధ్యే. నా మనసు తెలుగు లిపి వైపే మొగ్గుతుంది. పాఠకుల భాషలోని మాటలే అడ్రస్‌లో వాడమని గూగుల్ కూడా చెబుతుంది. తెలుగు వికీపీడియాలో వ్యాసం పేరే అడ్రస్. ఒక పేరుకు రెండు మూడు రాతలుంటే దారిమార్పు పేజీలు పెడతారు. అలాంటి చోట తెలుగు లిపే సరైనది.

కానీ చిన్న సైట్లకు చిక్కంతా తెలుగు లిపిలోని లింకును కాపీ చేసి వాట్సాప్‌లో పంపేటప్పుడు వస్తుంది. బ్రౌజర్లో తెలుగుగా కనిపించినదే అక్కడ తరచూ శాతం గుర్తుల చాంతాడుగా మారుతుంది. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికైనా, గుణింతపు గుర్తుకైనా, పొల్లుకైనా, సున్నాకైనా మూడేసి బైట్లు. ఒక్కో బైటు అడ్రస్‌లో మూడు గుర్తులవుతుంది. అంటే "గోంగూర"కు 54, "పచ్చడి"కి 54, మధ్య గీతతో 109. ఇంగ్లీషు అక్షరాల్లో అదే పేరు 15తో సరిపోతుంది. పైగా సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ శీర్షిక నుంచి తయారుచేసే అడ్రస్‌ను 200 గుర్తుల దగ్గర ఆపేస్తుంది కాబట్టి కాస్త పొడవైన తెలుగు శీర్షిక సగంలోనే తెగిపోతుంది. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది. అది ఉన్న అడ్రసూ లేని అడ్రసూ కంప్యూటర్‌కు వేర్వేరు.

ఇంగ్లీషు అక్షరాలకూ లోటుంది: స్పెల్లింగ్. "గూ"కు ఒకరు యూ రాస్తే మరొకరు రెండు ఓలు రాస్తారు. "చ్చ" సంగతి చెప్పనక్కర్లేదు. గూగుల్‌లో టైప్ చేసి అది ముందుగా సూచించే రాతను తీసుకోండి, సైటంతా అదే పద్ధతి పాటించండి. అంతకు మించి మథనపడొద్దు. గూగుల్ ఫలితాల్లో పేజీకి దక్కే ర్యాంకులో అడ్రస్‌లోని మాటల బరువు చాలా తక్కువ. పేజీ శీర్షిక, లోపలి రాత చక్కటి తెలుగులో ఉండటమే ముఖ్యం.

అందుకే నా ఓటు: అడ్రస్ పొట్టిగా ఇంగ్లీషు అక్షరాల్లో, శీర్షిక తెలుగులో. అన్నీ చిన్న అక్షరాలే వాడండి, మాటల మధ్య అండర్‌స్కోర్ కాకుండా అడ్డగీత పెట్టండి. ఫోటో ఫైళ్లకూ ఇదే పద్ధతి. కెమెరా ఇచ్చిన అంకెల పేరు మార్చి, ఆల్ట్ టెక్స్ట్‌లో (ఫోటో కనిపించనప్పుడు దాని బదులు వచ్చే రాతలో) ఆ ఫోటోలో ఏముందో తెలుగులో రాయండి.

ఇదంతా కొత్త పేజీలకే. ఇప్పటికే నలుగురూ పంచుకున్న పాత అడ్రస్ ఎలా ఉన్నా కదపొద్దు. తప్పక మార్చాల్సి వస్తే పాతదాని నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ (శాశ్వత దారిమార్పు) పెట్టి, దాన్ని తీసేయకుండా ఉంచండి.