ఎల్‌సీ3బీ యాంటీబాడీ: ఆటోఫజీ బ్లాట్‌కు ఎలా ఉంది?

కణం తన చెత్తను విరగ్గొట్టి తిరిగి వాడుకునే తీరును, అంటే ఆటోఫజీని, కొలవాలంటే ఎల్‌సీ3బీ అనే ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ లేనిదే పని ముందుకు సాగదు. కుందేలులో తయారైన పాలీక్లోనల్ రకం (ఒకే ప్రోటీన్‌లో వేర్వేరు చోట్లను పట్టుకునే యాంటీబాడీల మిశ్రమం) వెస్టర్న్ బ్లాట్‌కు, అంటే ప్రోటీన్లను జెల్‌లో విడదీసి, పొర మీదికి ఎక్కించి, యాంటీబాడీతో గుర్తించే పద్ధతికి, నమ్మదగినది. 1:1000 పలుచనలో, 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే పట్టీలు శుభ్రంగా వస్తాయి.

బ్లాట్ పాడైతే తప్పు చాలాసార్లు జెల్‌ది. ఈ ప్రోటీన్‌కు రెండు రూపాలు: కణద్రవంలో ఉండే ఎల్‌సీ3-1, ఆటోఫజీ సంచి పొరకు అతుక్కునే ఎల్‌సీ3-2. ఎల్‌సీ3-1 సుమారు 16, ఎల్‌సీ3-2 సుమారు 14 కిలోడాల్టన్ల దగ్గర కనిపిస్తాయి. 10 శాతం జెల్‌లో అవి విడిపోవడం కష్టం. 15 శాతం జెల్, 0.2 మైక్రాన్ పీవీడీఎఫ్ పొర వాడండి. 0.45 పొరలోంచి ఇంత చిన్న ప్రోటీన్లు జారిపోతాయి. నమూనాను పదేపదే గడ్డకట్టించి కరిగిస్తే ఎల్‌సీ3-1 దెబ్బతింటుంది. పైగా ఈ యాంటీబాడీ రెండో రూపాన్నే గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి ఎల్‌సీ3-2ను ఎల్‌సీ3-1తో కాదు, ప్రతి నమూనాలో ఎంత ప్రోటీన్ వేశామో చూపే యాక్టిన్‌తోనే పోల్చాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఎల్‌సీ3-2 పెరిగినంత మాత్రాన ఆటోఫజీ పెరిగినట్టు కాదు. చెత్తను జీర్ణం చేసే లైసోజోమ్ పని ఆగిపోయినా అది పేరుకుపోతుంది. లైసోజోమ్‌ను ఆపే మందైన బాఫిలోమైసిన్ ఏ1ను 100 నానోమోలార్ మోతాదులో 2 నుంచి 4 గంటలు ఇచ్చిన నమూనాను, ఇవ్వనిదాన్ని ఒకే జెల్‌లో పక్కపక్కన నడపండి. ఆ రెంటిలో ఎల్‌సీ3-2 తేడాయే ఫ్లక్స్, అంటే ఆటోఫజీ నిజంగా సాగే వేగం. ఆటోఫజీలో తానూ విరిగిపోయే పీ62 ప్రోటీన్‌ను కూడా చూడాల్సిందే.

ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కు (కణంలో ప్రోటీన్‌ను మెరిసే రంగుతో మైక్రోస్కోప్‌లో చూసే పద్ధతికి) మాత్రం, డేటాషీట్‌లో పరీక్షించినట్టు ఉంటేనే ఇదే సీసా వాడండి.