బాక్ ముందా, డిస్కో రాగాలు ముందా?

కర్ణాటక సంగీతం నేర్చుకున్న వాళ్లు ఎలక్ట్రానిక్ సంగీతం వినాలనుకుంటే దేంతో మొదలుపెట్టాలి? నా దగ్గర రెండు ఆల్బమ్‌లున్నాయి. ఒకటి కొలంబియా యూనివర్సిటీలో స్వరరచన చదివిన వెండీ కార్లోస్ తొలి ఆల్బమ్ 'స్విచ్డ్ ఆన్ బాక్' (1968). అందులో పాతకాలపు జర్మన్ స్వరకర్త బాక్ రచనల్ని సింథసైజర్ (కరెంటుతో ధ్వనులు పుట్టించే వాద్యం) మీద వాయించింది. రెండోది బొంబాయి సినిమా పాటలకు వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో తెచ్చిన 'టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'.

విజయవాడ సత్యనారాయణపురంలో ఉండే మా పిన్నికి రెండూ వినిపించాను. ఆవిడ ఘంటసాల సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంది. ముందు చరణ్‌జిత్ వాయించిన హిందుస్థానీ రాగం భూపాలీ పెట్టా. రెండు నిమిషాలు కూడా కాలేదు, "ఇది మన మోహనేగా! వెనకాల ఆ గ్రైండరెందుకురా?" అంది. ఆ గ్రైండర్ రోలాండ్ కంపెనీ 808 డ్రమ్ మెషీన్, అంటే దరువు వేసే యంత్రం. కింద బేస్ (మంద్ర స్వరాలు) వాయించే అదే కంపెనీ 303 యంత్రంలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ఏర్పాటు ఉంది. మన జారు గమకానికి కాస్త దగ్గరే, స్వరాన్ని ఊపే కంపితం మాత్రం దానివల్ల కాదు. 'తోడి' అన్న పేరు చూసి పిన్ని ఆశగా చెవి ఒగ్గింది. తీరా వినబడింది శుభపంతువరాళి! హిందుస్థానీ తోడి స్వరాలు మన శుభపంతువరాళివి, మన తోడి స్వరాలు హిందుస్థానీలో భైరవి దగ్గరుంటాయి మరి. నాలుగు రాగాలయ్యేసరికి అదే దరువు విని విని నాకూ విసుగొచ్చింది.

కార్లోస్ పద్ధతే వేరు. అప్పటి మూగ్ సింథసైజర్‌లో ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. అందుకని ఒక్కో వరసా విడిగా వాయించి, టేపు మీద ఒకదానిపై ఒకటి పేర్చాల్సి వచ్చింది. గమకం ఊసే లేదు, నిజమే. పిన్నికి మొదటి రెండు ముక్కలు "కీ ఇచ్చిన బొమ్మలా" అనిపించాయి. కానీ బాక్ రాసిన మూడో బ్రాండెన్‌బర్గ్ కాన్చెర్టో (వాద్యబృందానికి రాసిన రచన) నడిమి భాగం వచ్చేసరికి ఆవిడ చేతిలో చిక్కుడుకాయలు ఆగిపోయాయి. అక్కడ బాక్ రాసింది రెండంటే రెండు కార్డ్‌లు (ఒకేసారి పలికే స్వరాల గుంపులు), మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీని కార్లోస్ సొంత ఊహతో, వింత ధ్వనులతో నింపింది. "మనోధర్మమేగా ఇది, అప్పటికప్పుడు సొంతంగా అల్లడం" అంది పిన్ని, కాయలు మళ్లీ తుంచుతూ.

అందుకే సంగీతం వచ్చినవాళ్లకు నా ఓటు కార్లోస్‌కే. స్ట్రీమింగ్ యాప్‌లలో దొరకడం కష్టం, పాత రికార్డో సీడీయో వెతుక్కోవాలి. అంత ఓపిక లేకపోతే చరణ్‌జిత్‌నే వినండి, రోజుకు రెండు రాగాల చొప్పున.