ఫస్టియర్ రైటింగ్ కోర్సు: రూల్స్ గట్టివే, దిద్దడమే లేటు

నల్లగొండలో డిగ్రీ ఫస్టియర్ పిల్లలకు ఇంగ్లిష్ వ్యాసం నేర్పే ఈ కోర్సులో మెచ్చుకోవాల్సింది డ్రాఫ్టుల పద్ధతి. మొదటి డ్రాఫ్టు 300 పదాలు, క్లాసులోనే, చేతిరాతతో. వారంలోగా తిరగరాసి రెండూ కలిపి పిన్ కొట్టి ఇవ్వాలి. మొదటిది లేకుంటే రెండోది తీసుకోరు. జిరాక్స్ షాపులో రెడీమేడ్ అసైన్‌మెంట్ కొనుక్కొచ్చే బేరం దీంతో బందయింది.

ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది కాపీ రూల్ దగ్గర. మాటలు మార్చి రాస్తే చాలనుకుంటారు, చాలదు; ఎక్కడి నుంచి తీసుకున్నారో కూడా చెప్పాలి. ఫ్లోరైడ్ మీద వ్యాసంలో లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని రాస్తే, అది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు అని ఆ వాక్యంలోనే చెప్పాలి. చివర్లో ‘గూగుల్’ అని రాస్తే లెక్కలోకి రాదు. ఈ ముక్క మొదటి వారమే బోర్డు మీద రాసి చూపిస్తే సగం గొడవ తగ్గేది.

అటెండెన్స్ 75 శాతం. దూరాన ఉన్న దేవరకొండ నుంచి బస్సులో వచ్చేవాళ్లకు ఫస్ట్ పీరియడ్ పెట్టడం మాత్రం అన్యాయం.

లేటుకు రోజుకో మార్కు కోత. సరే, మరి దిద్దిన పేపర్లు ఇవ్వడానికి గడువేది? రెండో డ్రాఫ్టు ఇచ్చేశాక మొదటిదాని మీద ఎర్ర సిరా కామెంట్లు వస్తే ఏం చేసుకోవాలి?