హనుమకొండలో మెక్సికన్ బ్రంచ్: సున్నపు నీళ్లలో ఉడికిన మక్క రొట్టె

హనుమకొండలో నక్కలగుట్ట వైపు, పెద్ద రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక వీధిలో, మొదటి అంతస్తులో ఎనిమిది బల్లలతో నడిచే చిన్న హోటల్ ఒకటి శని, ఆదివారాల్లో మాత్రం ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒకటిన్నర దాకా మెక్సికో పద్ధతి బ్రంచ్, అంటే పొద్దుటి టిఫిన్‌కూ మధ్యాహ్న భోజనానికీ నడుమ వేళ తినే భోజనం, పెడుతోంది. రెండు నెలల్లో నేను అక్కడికి ఐదుసార్లు వెళ్లాను, అందులో రెండుసార్లు మా అమ్మను వెంట తీసుకెళ్లాను. మొక్కజొన్న విరివిగా పండే ఈ జిల్లాల్లో ఆ గింజను ఇంత శ్రద్ధగా వండి పెట్టే హోటల్‌ను నేను ఇంతకుముందు చూడలేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు నాకు పెద్దగా ఆశ లేదు. అంతకుముందు నగరంలోనే మరొక చోట మెక్సికన్ పేరుతో నాకు వచ్చింది, మయొనైజ్, టమాట సాస్ దట్టంగా పూసి చుట్టిన మైదా చపాతీ. మొక్కజొన్న రొట్టె లేదా అని అడిగితే, పైనుంచి వచ్చే ప్యాకెట్లే వాడతామని చెప్పారు. మెక్సికో ఉత్తర ప్రాంతంలో గోధుమ రొట్టె తినే అలవాటు నిజంగానే ఉంది కాబట్టి మైదా వాడటమే తప్పని నేను అనను. అయితే ఆ దేశపు వంటకు మూలాధారం మక్కజొన్న. 2010లో యునెస్కో మెక్సికో సంప్రదాయ వంటను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కూడా, మక్కను పండించే తీరుతో పాటు దానిని సున్నంతో ఉడికించే పద్ధతిని ప్రత్యేకంగా పేర్కొన్నారు. ఆ పద్ధతి లేకుండా టోర్టియా (అక్కడి మక్క రొట్టె) అన్న మాటకు అర్థం ఉండదు.

ఈ హోటల్‌లో ఆ పని కళ్ల ముందే జరుగుతుంది. వంటగదికీ బల్లలకూ మధ్య నడుమెత్తు గోడ మాత్రమే ఉండటం వల్ల, రొట్టెలు చేసే చోటు ఎక్కడ కూర్చున్నా కనిపిస్తుంది. తడిపిండి ముద్దలోంచి నిమ్మకాయంత ఉండ తీసి, రెండు ప్లాస్టిక్ కాగితాల నడుమ పెట్టి, మడత బందులున్న చెక్క పలకల మధ్య ఒక్కసారి అదుముతారు. పై కాగితం ఒలిచి, ఆ పలుచని బిళ్లను అరచేతి మీదికి తిప్పుకుని, నూనె వేయని వేడి ఇనుప పెనం మీద జారవిడుస్తారు. అర నిమిషంలో అంచులు పెనాన్ని వదులుతాయి. రెండోసారి తిప్పాక వేళ్లతో మధ్యలో నెమ్మదిగా తడితే రొట్టె బుడగలా ఉబ్బుతుంది, మరుక్షణం ఆవిరి వదిలి కూలుతుంది. వెంటనే దానిని గుడ్డ పరచిన వెదురు బుట్టలో వేసి మూస్తారు. ఆ మూత తీసినప్పుడు తాజా మక్క కంకి వాసనా, తడిసిన గోడకు కొత్తగా సున్నం వేసినప్పటి వాసనా కలిసి వస్తాయి.

మా అమ్మ పరకాల వైపు పల్లెలో పుట్టి పెరిగింది, మక్క గట్క, మక్క రొట్టె తిని ఎదిగింది. బల్ల దగ్గర కూర్చోకుండా నేరుగా ఆ గోడ దగ్గరికి వెళ్లి నిలబడి కొంతసేపు చూసి, హోటల్ నడిపే అమ్మాయిని అడిగింది: "బిడ్డా, మేం మక్కపిండితోని రొట్టె కొడితే అంచులు పగుల్తయి. నీది ఎట్ల పగుల్తలేదు?"

"అది పొడిపిండి కాదమ్మా. మక్కల్ని సున్నం నీళ్లల్ల ఉడకబెట్టి, రాత్రంత అట్లనే నానబెట్టి, పొద్దుగాల పొట్టు కడిగి రుబ్బుతం. కిలో మక్కలకు పది గ్రాముల సున్నం."

"ఆకు వక్కల ఏసుకునే సున్నమేనా?"

"అదే అమ్మా, తినే సున్నమే."

మా అమ్మ అడిగిన ప్రశ్నలోనే విషయమంతా ఉంది. గోధుమపిండికి ఉన్న సాగుడు గుణం మక్కపిండికి లేదు, అందుకే మన ఇళ్లలో మరిగే నీళ్లు పోసి పిసికినా రొట్టె అంచులు విచ్చుకుంటాయి. సున్నపు నీళ్లలో ఉడికినప్పుడు గింజ పైపొర కరిగి జిగురుగా మారుతుంది, ఆ జిగురే ముద్దను పట్టి ఉంచుతుంది. దీనివల్ల రొట్టెకు వచ్చే బలం రుచితో, ఆకృతితో ఆగిపోదు. మక్కలో ఉండే నియాసిన్ అనే విటమిన్‌ను మన శరీరం సులువుగా అందుకోలేదు, సున్నం దానిని విడిపించి అందేలా చేస్తుంది. యూరప్‌వాళ్లు అమెరికా ఖండాల నుంచి మక్కను తీసుకెళ్లారు గానీ ఈ పద్ధతిని తీసుకెళ్లలేదు. అందువల్ల మక్క మీదే బతికిన స్పెయిన్, ఇటలీ పేద రైతులు 18వ శతాబ్దం నుంచే, ఆ విటమిన్ అందక వచ్చే పెలాగ్రా అనే జబ్బుతో బాధపడ్డారు, 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ అదే జరిగింది. మన దగ్గర పండే మక్కల్లో చాలా భాగం కోళ్ల దాణాకు పోతున్న ఈ రోజుల్లో, ఆ గింజనే ఇలా మనుషుల కంచంలోకి తెచ్చినందుకు నాకు ఈ వంటగది మీద గౌరవం కలిగింది.

ఇక్కడ తప్పక తినవలసినది చిలాకిలెస్. రాత్రి మిగిలిన అన్నం మన ఇళ్లలో తెల్లవారి పోపు అన్నమైనట్టే, మెక్సికోలో నిన్నటి టోర్టియాలు మరునాటి ఉదయం చిలాకిలెస్ అవుతాయి. రొట్టెలను నాలుగు ముక్కలుగా కోసి కరకరలాడేలా వేయించి, వేడి సాల్సాలో (మన తొక్కు లాంటి పచ్చడిలో) ఒక్క నిమిషం తిప్పి, పైన పుల్లని మీగడ, ఉల్లి చక్రాలు, పొడిచేసిన పనీర్, వేయించిన గుడ్డు వేసి ఇస్తారు. ముక్క పైన సాల్సా పీల్చుకుని మెత్తబడి, నడుమ ఇంకా కరకరలాడుతూ ఉండటం ఈ వంటకానికి కొలత. బల్ల మీదికి వచ్చిన పది నిమిషాల్లోపే తినాలి, ఫొటోలు తీస్తూ కూర్చుంటే ముద్దయిపోతుంది. అక్కడి తాజా జున్నుకు బదులు ఉప్పు కలిపిన పనీర్ వాడటం నాకు సబబుగానే అనిపించింది.

సాల్సా రెండు రకాలు, రెండింటినీ రాతి రోట్లోనే నూరుతున్నారు. టమాటలు, ఉల్లిగడ్డ, పొట్టు తీయని ఎల్లిపాయలు పెనం మీద నల్లని మచ్చలు పడేదాకా కాల్చి నూరే ఆ పద్ధతి, పోపు, చింతపండు లేవన్న తేడా తప్ప మన టమాట తొక్కుకు చాలా దగ్గర. మెక్సికోలోనూ నల్లరాతి రోలు ఇలాంటి పనికే ఉంది. ఎర్ర సాల్సాలో వాళ్లు వేసేది మన చపాటా మిర్చి. టమాటలా గుండ్రంగా, ముదురు ఎరుపుతో, కారం తక్కువగా ఉండే ఈ వరంగల్ మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మెక్సికన్ వంటలో గ్వాహియో అనే ఎండుమిర్చి చేసే పని, అంటే నాలుక మండించకుండా రంగునూ చిక్కదనాన్నీ ఇవ్వడం, చపాటా సరిగ్గా చేస్తోంది. మిరప అసలు పుట్టిల్లు మెక్సికో, పోర్చుగీసు ఓడల మీద మన దేశానికి వచ్చింది. వరంగల్ నేలలో ఎదిగిన మిరప మళ్లీ మెక్సికో వంటలో కలిసిన ఆ గిన్నెను నేను రొట్టెతో తుడిచి మరీ తిన్నాను. పచ్చ సాల్సా అంత బాగా లేదు. దానికి కావలసిన, కాగితం లాంటి పొరలో దాగి ఉండే పుల్లని టొమాటియో మన మార్కెట్లో దొరకదు కాబట్టి గట్టి పచ్చి టమాటలు, నిమ్మరసం వాడుతున్నారు. పులుపు వస్తోంది గానీ వెనకాల పసరు వాసన మిగిలిపోతోంది.

ఉవోస్ రాంచేరోస్ తేలికైన వంటకం. రెండు టోర్టియాలు, వాటి మీద రెండు గుడ్లు, ఎర్ర సాల్సా, పక్కన ఉడికించి మెదిపి వేయించిన రాజ్మా. అక్కడ ఎక్కువగా నల్ల చిక్కుడు గింజలో, లేత గోధుమరంగు పింటో గింజలో వాడతారు. రాజ్మా వాటికంటే కాస్త తియ్యగా ఉంటుంది, ఉప్పు పెంచితే సరిపోతుందని నా అభిప్రాయం. మా అమ్మకు ఇదే నచ్చింది.

తాగడానికి హమైకా నీళ్లు అడగండి. మన పుంటికూరకు దగ్గరి చుట్టమైన మొక్క ఎర్రని పుష్పకోశాలను ఎండబెట్టి, మరిగించి, చక్కెర కలిపి చల్లార్చిన పానీయం అది. పుంటికూర పులుపు తెలిసిన నాలుకకు ఆ రుచి పరిచయం అక్కరలేదు. మట్టికుండలో దాల్చినచెక్క, బెల్లం వేసి కాచే కాఫీ మాత్రం నాకు మరీ తియ్యగా అనిపించింది. బెల్లం తగ్గించమని ముందే చెప్పాలి, ఒకసారి కాచాక వాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

మెక్సికోలో తెల్లవారగానే కాఫీ, ఒక తీపి రొట్టె తీసుకుని, పది పదకొండు గంటల మధ్య కడుపునిండా తినడం చాలామందికి అలవాటు, మధ్యాహ్నపు పెద్ద భోజనం రెండు దాటాకనే. పొద్దుగాల చాయ్ తాగి, కొంత పని చేసుకుని, పది గంటలకు బువ్వ తిని పొలానికి పోయే మన పల్లె వేళలకు ఇది సరిపోతుంది. అందుకే బ్రంచ్ అన్న మాట కొత్తగా ఉన్నా, ఆ వేళకు అంత భోజనం చేయడం మా అమ్మకు వింతగా తోచలేదు.

లోపాలూ చెప్పాలి. లిఫ్ట్ లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు కష్టం. ఆదివారం పది దాటి వెళ్తే నలభై నిమిషాలు నిలబడవలసి వచ్చింది, కూర్చోవడానికి బయట ఒక బల్లయినా వేయాలి. మెనూ ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంది. మక్కను ఇంత బాగా ఎరిగిన జనం వచ్చే చోట ఆ వంటకాల వివరం తెలుగులో రాసి పెట్టడం అవసరం, ఆ మాట వాళ్లకు చెప్పి వచ్చాను. ఒకసారి అవకాడో పండకముందే కోసి పెట్టారు, అడగగానే ఆ డబ్బు బిల్లులోంచి తీసేశారు. ఇద్దరం తృప్తిగా తిని, తాగితే ఏడు వందల లోపే అయింది.

పిండి రోజుకు ఒకేసారి రుబ్బుతారు, పన్నెండు దాటితే రొట్టెలు అయిపోవచ్చు. ముందు రోజు చెబితే తడిపిండి ముద్దను తూకానికి కూడా ఇస్తారు. మా అమ్మ రెండోసారి వచ్చినప్పుడు అర కిలో తీసుకుంది. ఇంటికి వచ్చాక చెక్క పలకలు లేకుండా, తడిగుడ్డ మీద చేత్తోనే కొట్టి తన పెంక మీద వేసింది. మొదటి రెండు ఉబ్బలేదు, మూడోది ఉబ్బింది, దాన్ని చపాటా తొక్కుతో నా చేతికి ఇచ్చింది.