పన్నెండేళ్లు దాటిన ఎక్స్‌డీఆర్ వాడకం: సీ స్ట్రక్ట్‌లు ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కి

2012 నుంచి నేను రాసే సీ ప్రోగ్రాముల మధ్య డేటా అంతా ఎక్స్‌డీఆర్ (ఎక్స్‌టర్నల్ డేటా రిప్రజెంటేషన్, ఏ మెషినైనా ఒకేలా చదువుకునేలా డేటాని బైట్లుగా రాసే పద్ధతి) రూపంలోనే నడుస్తోంది. సబ్‌స్టేషన్లలో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన బిగించిన చిన్న బోర్డులు ఆయిల్ టెంపరేచర్, కరెంటు, వోల్టేజి కొలుస్తాయి. హైదరాబాద్‌లో ఉన్న సర్వర్లు ఆ రీడింగులన్నీ తీసుకుని దాచుకుంటాయి. మధ్యలో ఒక మొబైల్ మోడెం. ఇన్నేళ్లలో బోర్డులు మూడుసార్లు మారాయి, సర్వర్ల మీద లినక్స్ మారింది, కంపైలర్లు మారాయి. డేటాని బైట్లుగా రాసే పద్ధతి మాత్రం మొదటి రోజు ఎలా ఉందో ఇప్పటికీ అదే. ఇంతకాలం చేతిలో ఉన్న పనిముట్టు గురించి మంచీ చెడూ రెండూ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఎక్స్‌డీఆర్‌కి ముందు, మొదట్లో మేమూ స్ట్రక్ట్‌ని (కొన్ని ఫీల్డుల్ని ఒక్కచోట కట్టే సీ నిర్మాణం) ఉన్నదున్నట్టు సాకెట్‌లోకి, అంటే నెట్‌వర్క్ కనెక్షన్‌లోకి తోసేశాం. స్ట్రక్ట్ అడ్రసు, దాని సైజు ఇస్తే చాలు, పని అయిపోయింది. ఒకే మెషిన్ మీద పరీక్షించినంతసేపూ ఏ ఇబ్బందీ కనపడదు. మా అప్పటి బోర్డు 32 బిట్ పవర్‌పీసీ, నా టేబుల్ మీద పరీక్షలకి ఉన్నది పాత 32 బిట్ ఇంటెల్ మెషిన్. ఒక ఇంట్, దాని వెనకాల ఒక డబుల్ ఉన్న స్ట్రక్ట్ బోర్డు మీద 16 బైట్లు, నా మెషిన్ మీద 12 బైట్లు. పవర్‌పీసీలో డబుల్ 8తో భాగించగలిగే అడ్రసులో మొదలవ్వాలి కాబట్టి కంపైలర్ మధ్యలో 4 బైట్లు ఖాళీ వదులుతుంది. 32 బిట్ ఇంటెల్ లినక్స్‌లో జీసీసీ కంపైలర్‌కి స్ట్రక్ట్ లోపల 4తో భాగం పోతే చాలు. ప్యాక్డ్ అని పెడితే ఆ ఖాళీలు పోతాయి గానీ బైట్ల వరుస ఎక్కడిదక్కడే ఉంటుంది. లాంగ్ సంగతి వేరే: 64 బిట్ లినక్స్‌లో అది 8 బైట్లు, 64 బిట్ విండోస్‌లో 4.

తర్వాత ప్రతి ఫీల్డుకీ హెచ్‌టాన్ఎల్ (అంకెలోని బైట్లని నెట్‌వర్క్ వరుసలోకి తిప్పే ఫంక్షన్) పిలుస్తూ చేత్తో రాశాం. రికార్డులో 43 ఫీల్డులు. పంపేవైపు ఒక ఫంక్షన్, తీసుకునేవైపు ఇంకొకటి, రెండూ రాసింది ఇద్దరు వేర్వేరు మనుషులు. ఒకరోజు సర్వర్ టీమ్ నుంచి ఫోన్. "సార్, మీ బోర్డు నుంచి ఆయిల్ టెంపరేచర్ నూట ఏడు కోట్లు వస్తోంది, ఒకసారి చూస్తారా?" బోర్డు కొలిచింది 64 డిగ్రీలే. బిగ్ ఎండియన్ (పెద్ద విలువున్న బైటు ముందు పెట్టే) పవర్‌పీసీ మెమరీలో అది 00 00 00 40. సర్వర్ వైపు ఆ ఒక్క ఫీల్డుకి మార్పిడి రాయడం మర్చిపోయారు. లిటిల్ ఎండియన్ (చిన్న విలువున్న బైటు ముందు పెట్టే) ఇంటెల్ ఆ నాలుగు బైట్లనే వెనక నుంచి చదువుకుంటే 1073741824 అయింది. అది మరీ పెద్ద అంకె కాబట్టి దొరికింది. తిరగేసినా మామూలుగా కనిపించే విలువ అయి ఉంటే ఎన్ని నెలలు అలాగే ఉండిపోయేదో! పైగా హెచ్‌టాన్ఎల్ 32 బిట్ల వరకే పనికొస్తుంది. డబుల్‌కి, స్ట్రింగ్‌కి, అర్రేలకి ఎవరి పద్ధతి వాళ్లదే.

అప్పుడు చూస్తే మాకు కావలసింది ఎప్పట్నుంచో మా సర్వర్లోనే ఉంది. ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) వాడుతున్నామంటే అడుగున ఎక్స్‌డీఆర్ నడుస్తున్నట్టే. సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు తయారుచేసిన ఈ పద్ధతి 1987లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతుల్ని వివరించే పత్రం) 1014గా వచ్చింది, 1995లో 1832గా, 2006లో 4506గా తిరగరాశారు. లోపలి నియమాలు ఒక పూటలో చదివేయవచ్చు. ప్రతిదీ 4 బైట్ల లెక్కలో ఉంటుంది. ఎప్పుడూ బిగ్ ఎండియనే. దశాంశ అంకెలు, అంటే ఫ్లోట్, డబుల్, ఐట్రిపుల్‌ఈ ప్రమాణం ప్రకారం. స్ట్రింగ్ అయితే ముందు పొడవు, తర్వాత అక్షరాలు, చివర 4 గుణకం అయ్యేవరకు సున్నాలు. 'టెస్ట్1' అని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాసి పంపితే లైన్ మీద వెళ్లేది ఇదీ:

00 00 00 05 54 45 53 54 31 00 00 00

మొదటి నాలుగు పొడవు, మధ్యలో ఐదు అక్షరాలు, చివర మూడు సున్నాలు నింపుడు. ప్యాకెట్ క్యాప్చర్ తెరిచి కళ్లతో చదివేయవచ్చు. ఇది చిన్న సుఖం అనుకోకండి. అర్ధరాత్రి ఒక సబ్‌స్టేషన్ నుంచి డేటా ఆగిపోయినప్పుడు, ఏ డీకోడరూ లేకుండా హెక్స్ డంప్‌లో నాలుగేసి బైట్లు లెక్కపెట్టుకుంటూ తప్పు ఎక్కడుందో చెప్పగలగడం నాకు ఎన్నోసార్లు ఉపయోగపడింది.

నాకు బాగా నచ్చింది దీని ఫంక్షన్ల కట్టుబడి. డేటా ఎలా ఉంటుందో డాట్ ఎక్స్ (.x) ఫైల్‌లో ఒక్కసారి రాస్తే ఆర్‌పీసీజెన్ అనే ప్రోగ్రాం హెడర్నీ, సీ ఫంక్షన్లనీ తయారుచేసి ఇస్తుంది. అందులో పంపడానికి ఒకటి, తీసుకోవడానికి ఒకటి అని రెండు ఫంక్షన్లు ఉండవు. ఒక్కటే ఉంటుంది. దానికిచ్చే హ్యాండిల్‌లో ఎన్‌కోడ్ అని ఉంటే రాస్తుంది, డీకోడ్ అని ఉంటే చదువుతుంది, ఫ్రీ అని ఉంటే డీకోడ్ చేసేటప్పుడు తీసుకున్న మెమరీని వెనక్కిచ్చేస్తుంది. మా నూట ఏడు కోట్ల గొడవ పుట్టింది ఇటు ఒక చెయ్యి, అటు ఒక చెయ్యి రాయడం వల్లే. రెండువైపులా ఒకే ఫంక్షన్ అయినప్పుడు అలా తేడా రావడానికి చోటే ఉండదు. ఆ డాట్ ఎక్స్ ఫైల్ మా రెండు టీముల మధ్య ఒప్పంద పత్రం అయిపోయింది. 'మీరు ఇలా పంపుతామన్నారు, మేము అలా అనుకున్నాం' అనే మాటలు మీటింగుల్లో ఆ తర్వాత వినలేదు.

ఒక క్లయింటు దగ్గర పాత ఏఆర్‌ఎం బోర్డు ఎదురైనప్పుడు దీని విలువ ఇంకా తెలిసింది. దాని పాత ఎఫ్‌పీఏ (దశాంశ లెక్కల కోప్రాసెసర్) పద్ధతిలో డబుల్ పెట్టే తీరు విచిత్రం. మెషిన్ లిటిల్ ఎండియనే, కానీ డబుల్‌లో పై నాలుగు బైట్లు ముందూ, కింది నాలుగు బైట్లు వెనకా ఉంటాయి. చేత్తో రాసి ఉంటే వారం పోయేది. లైబ్రరీ రాసినవాళ్లు దాన్ని ముందే చూసుకున్నారు, మా కోడ్‌లో ఒక్క లైను మారలేదు.

ఇక ఇబ్బందులు. మొదటిది మెమరీ. డీకోడ్ చేసేటప్పుడు స్ట్రింగ్ పాయింటర్ నల్ (ఏ చోటునీ చూపకుండా ఖాళీ) అయితే లైబ్రరీయే మెమరీ తీసుకుని నింపుతుంది. నల్ కాకపోతే, మీరు చోటు సిద్ధం చేసి ఇచ్చారనుకుని అక్కడే రాసేస్తుంది. నేను స్ట్రక్ట్‌ని స్టాక్ మీద పెట్టి, సున్నా చేయకుండా డీకోడ్‌కి ఇచ్చాను. డీబగ్ బిల్డ్‌లో అక్కడ సున్నాలు ఉండేవి, అంతా సవ్యంగా నడిచింది. ఆప్టిమైజేషన్ పెట్టి రిలీజ్ బిల్డ్ చేశాక ఆ చోట ఏదో పాత విలువ మిగిలింది, ప్రోగ్రాం కుప్పకూలింది. రెండు రోజులు నెట్‌వర్క్ కోడ్‌ని అనుమానిస్తూ గడిపాను. అప్పట్నుంచి డీకోడ్‌కి ముందు మెమ్‌సెట్‌తో సున్నా చేయడం, పని అయ్యాక ఎక్స్‌డీఆర్ ఫ్రీ, ఈ రెండూ లేని కోడ్‌ని రివ్యూలో దాటనివ్వను. మామూలు ఫ్రీ పిలిస్తే పై స్ట్రక్ట్ పోతుంది, లోపలి స్ట్రింగులూ అర్రేలూ లీకయిపోతాయి. నెలల తరబడి ఆగకుండా నడిచే సర్వర్లో అది మెల్లగా చంపే జబ్బు.

రెండో ఇబ్బంది ఇంకా పెద్దది. ఎక్స్‌డీఆర్ బైట్లలో 'ఇది ఫలానా ఫీల్డు, ఫలానా టైపు' అనే గుర్తు ఏదీ ఉండదు. రెండువైపులా ఒకే వర్ణన ఉందన్న నమ్మకం మీదే అంతా నడుస్తుంది. నేను ఒకసారి రికార్డు మధ్యలో న్యూట్రల్ కరెంటు అని ఒక ఇంట్ చేర్చి సర్వర్‌ని ముందుగా మార్చాను. పాత బోర్డులు పాత వరుసలోనే పంపుతున్నాయి. అక్కడి నుంచి ప్రతి విలువా ఒక గడి పక్కకి జరిగి కూర్చుంది. కరెంటు ఉండాల్సిన చోట వోల్టేజి, వోల్టేజి చోట టెంపరేచర్. అన్నీ అంకెలే, కొన్ని నమ్మదగ్గట్టే ఉన్నాయి. చివర్లో బైట్లు చాలక డీకోడ్ ఫంక్షన్ ఫాల్స్ ఇచ్చింది. దాన్ని లాగ్‌లో రాసి వదిలేసే కోడ్ నాదే, రికార్డు మాత్రం డేటాబేస్‌లోకి వెళ్లిపోయింది. రెండు రోజుల రీడింగులు పాడయ్యాయి, ఆ రెండు రోజులూ తిరిగి రావు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

దీనికి మందు ఎక్స్‌డీఆర్‌లోనే ఉంది, మొదటి రోజే వాడి ఉండాల్సింది: యూనియన్. మెసేజ్ మొదట్లో వెర్షన్ నంబరు, ఆ నంబరుని బట్టి ఏ స్ట్రక్ట్ వస్తుందో యూనియన్‌లో స్విచ్‌గా రాయడం. ఒకటో వెర్షన్‌కి ఒక స్ట్రక్ట్, రెండోదానికి ఇంకొకటి, పాతది ఎప్పటికీ ముట్టుకోకూడదు. ఇప్పుడు మా ఫైల్‌లో ఐదు వెర్షన్లున్నాయి, ఐదూ సర్వర్‌కి అర్థమవుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇంకేది మర్చిపోయినా ఇది మర్చిపోకండి.

ప్రతిదానికీ 4 బైట్లు పడతాయన్నది అందరూ చెప్పే ఫిర్యాదు. అది నిజమే. మా రికార్డులో 16 అలారం గుర్తులుండేవి. ఒక్కొక్కటీ బూల్‌గా పెడితే 64 బైట్లు, ఒకే అన్‌సైన్డ్ ఇంట్‌లో బిట్లుగా పెడితే 4. అది మార్చాం. 16 బిట్ల రీడింగులు 24 ఉన్నాయి, 48 బైట్లకి బదులు 96 తింటాయి. వాటిని ఓపేక్ (లోపలేముందో ఎక్స్‌డీఆర్ చూడని) ముద్దగా చుట్టి పంపొచ్చు గానీ, అప్పుడు లోపలి బైట్ల వరుస మళ్లీ మన నెత్తినే పడుతుంది. 48 బైట్లు ఆదా చేసి పాత గొడవని ఇంటికి తెచ్చుకోవడం నాకు ఇష్టంలేక అలాగే ఉంచాను. అసలు 4 ఎందుకన్నది ఆర్‌ఎఫ్‌సీలోనే రాశారు: 8 బైట్ల అలైన్‌మెంట్ ఉన్న క్రే లాంటి కొన్ని మినహా దాదాపు అన్ని మెషిన్ల మీదా వేగంగా నడుస్తుంది, డేటా మరీ ఉబ్బిపోదు. సన్ వర్క్‌స్టేషన్, వ్యాక్స్, ఐబీఎం పీసీ, క్రే, వీటన్నిటి మధ్యా మాట కుదర్చాల్సిన రోజుల్లో తీసుకున్న నిర్ణయం అది. ఇప్పుడు మా రెండువైపులా ఎక్కువ భాగం లిటిల్ ఎండియన్ మెషిన్లే, అయినా ఇటు తిప్పి అటు తిప్పుతున్నాం. ఈనాటి ప్రాసెసర్‌కి అది ఒక్క ఇన్‌స్ట్రక్షన్ పని, నేను దాన్ని ఖర్చుగా చూడను.

డాట్ ఎక్స్ ఫైల్‌లో అర్రేకి, స్ట్రింగ్‌కి గరిష్ఠ పరిమితి తప్పకుండా రాయండి. ఆ కోణపు బ్రాకెట్లు ఖాళీగా వదిలితే పరిమితి 4294967295 అయిపోతుంది. అంటే అవతలివాడు పంపిన పొడవుని నమ్మి మన ప్రోగ్రాం మెమరీ అడుగుతుంది. 2002లో సన్ కోడ్ నుంచి వచ్చిన ఎక్స్‌డీఆర్ అర్రే ఫంక్షన్‌లోనే లోపం బయటపడింది. మూలకాల సంఖ్యని ఒక్కోదాని సైజుతో గుణిస్తే 32 బిట్లు దాటి చిన్న అంకె మిగిలేది, చిన్న చోటు తీసుకుని అందులో పెద్ద డేటా రాసేది. అది ఎప్పుడో సరిచేశారు. కానీ బయటి నుంచి వచ్చే పొడవుని నమ్మకూడదన్నది మన కోడ్‌కీ వర్తిస్తుంది. మాకు స్టేషన్ పేరు 32 అక్షరాలు, రికార్డుల అర్రే 64. అంతకు మించి వస్తే డీకోడ్ అక్కడే ఫాల్స్ ఇస్తుంది, ఇప్పుడు ఆ ఫాల్స్‌ని పట్టించుకుంటున్నాం.

ఇన్‌స్టాల్ సంగతి కొద్దిగా చికాకు. ఒకప్పుడు ఇదంతా లినక్స్ ప్రామాణిక సీ లైబ్రరీ జీలిబ్‌సీలోనే ఉండేది. 2020లో వచ్చిన 2.32 నుంచి ఎక్స్‌డీఆర్ ఉన్న సన్ ఆర్‌పీసీ భాగాన్ని తీసేశారు. సర్వర్‌ని కొత్త లినక్స్‌కి మార్చిన రోజు మా కోడ్ హెడర్ దొరకలేదంటూ ఆగింది. ఆ ఫంక్షన్లున్న వేరే లైబ్రరీ లిబ్‌టీఐఆర్‌పీసీ పెట్టి, హెడర్ల దారి చూపించి, లింక్‌లో దాన్ని చేర్చితే సరిపోయింది. ఆర్‌పీసీజెన్ కోసం వేరే ప్యాకేజీ పెట్టాలి. అది ఇచ్చే సీ కోడ్‌లో వాడని బఫ్ వేరియబుల్ ఒకటి ఉంటుంది, వార్నింగులన్నీ ఎర్రర్లుగా పెట్టుకున్నవాళ్లకి బిల్డ్ ఆగిపోతుంది. ఆ ఫైళ్లకి మాత్రం ఆ వార్నింగు ఆపేశాం. రిపోర్టుల కోసం పైథాన్‌లో ఎక్స్‌డీఆర్‌లిబ్ వాడేవాళ్లం, 3.13లో దాన్నీ తీసేశారు. పైథాన్‌లోని స్ట్రక్ట్ మాడ్యూల్‌తో ఒక మధ్యాహ్నంలో మళ్లీ రాసుకున్నాం.

టైమ్ గురించి ఒక మాట. లాంగ్ అని రాయకండి, పేరు లాంగ్ అయినా లైన్ మీద వెళ్లేది 4 బైట్లే. టైమ్‌కి హైపర్ వాడితే 8 బైట్లు వెళ్తాయి, 32 బిట్ల సెకన్ల లెక్క నిండిపోయే 2038 దాటినా భయం లేదు.

ఇలాంటి పనికే గూగుల్ తయారుచేసిన ప్రోటోబఫ్ వాడి చూశాం. ఫీల్డులకి నంబర్లుంటాయి కాబట్టి వెర్షన్ల బాధ బాగా తగ్గుతుంది, చిన్న అంకెలు తక్కువ బైట్లలో సర్దుకుంటాయి. ఫీల్డులు తరచూ మారే పని అయితే నేనే అది తీసుకోమంటాను. కానీ గూగుల్ ఇచ్చే కంపైలర్ సీ కోడ్ ఇవ్వదు, ప్రోటోబఫ్ సీ లేదా నానోపీబీ లాంటి బయటివి తెచ్చుకోవాలి. మా రికార్డు రెండేళ్లకోసారి మారుతుంది, మాకు ఎక్స్‌డీఆరే చాలింది. డేటా అంతా అక్షరాల్లో రాసే జేసన్ ఎక్కువ బైట్లు తింటుంది, మా మోడెం బిల్లుకి తగదు.

కిందటేడు వచ్చిన కొత్త బోర్డులో ర్యామ్ 20 కిలోబైట్లే, లినక్స్ లేదు, లిబ్‌టీఐఆర్‌పీసీ ఎక్కదు. ఆ ఒక్కచోట ఎన్‌కోడర్‌ని చేత్తో రాశాను: నాలుగు బైట్లు పెట్టే ఫంక్షన్ ఒకటి, ఎనిమిది పెట్టేది ఒకటి, స్ట్రింగ్‌కి సున్నాలు నింపేది ఒకటి. 200 లైన్లు కూడా కాలేదు. డెస్క్ మీద మెషిన్లో లైబ్రరీ ఇచ్చిన బైట్లు, బోర్డు ఇచ్చిన బైట్లు పక్కపక్కన పెట్టి పోల్చాం, ఒక్క బైటూ తేడా లేదు. సర్వర్ వైపు ఏమీ మార్చలేదు. ఆ బోర్డు మొదటి రికార్డు వచ్చి డేటాబేస్‌లో చేరినప్పుడు, దాని పైన వరుసలో ఉన్నది పాత పవర్‌పీసీ బోర్డు నుంచి వచ్చిన రికార్డు.