ఊగే ఇంజిన్‌కు ఒక్క కడ్డీ: రెండు మామిడి కాపుల తర్వాత

దామలచెరువు దగ్గర మా మామిడి తోటలో తిరిగే బండి నేను ఇంట్లో కట్టుకున్నదే. చదరపు గొట్టాల చాసిస్, సీట్ల వెనుక పాత మారుతి 800 ఇంజిన్, దాని గేర్‌బాక్సు. బ్రిటన్‌లో 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అనే కారును విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే పన్ను కలిసి వచ్చేదట. ఇక్కడ అలాంటి కలిసివచ్చేదేమీ లేదు. రిజిస్ట్రేషన్ కావాలంటే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వది చెప్పినట్టు నమూనాను పరీక్షా సంస్థకు పంపి ధ్రువపత్రం తేవాలి. ఒక్క బండి కోసం అది నాకు అయ్యే పని కాదు. అందువల్ల ఈ బండి తోట కంచె దాటదు. ఇంజిన్‌ను మెలితిరగకుండా పట్టి ఉంచే టార్క్ రాడ్ అనే కడ్డీ గురించి నేను చెప్పేదంతా ఎర్రమట్టి దారి, గుండ్రాళ్లు, వెనుక నాలుగు క్రేట్ల బెంగళూరా కాయలతో గడించిన అనుభవం.

కట్టిన మొదటి నెలలోనే జబ్బు బయటపడింది. ఫస్టు గేరులో క్లచ్ వదలగానే వెనుక నుంచి ధబ్బుమని చప్పుడు. సెకండులో వెళ్తూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే గేరు దానంతటదే జారిపోయేది. గేరు కడ్డీ చాసిస్‌కు బిగించి ఉంది, గేర్‌బాక్సేమో ఇంజిన్‌తోపాటు ఊగుతోంది. జారక ఏం చేస్తుంది? ఎంత ఊగుతోందో చూడాలని ఇంజిన్ పైన ఉండే వాల్వ్ కవరుకు ఒక బాల్‌పెన్ రీఫిల్ కట్టి, దాని ఎదురుగా చాసిస్‌కు అట్టముక్క అతికించాను. పది గజాలు నడిపి దిగి చూస్తే అట్ట మీద 38 మిల్లీమీటర్ల గీత!

తప్పు నాదే. చోటు సరిపోలేదని, ఇంజిన్‌ను మోసే రబ్బరు దిమ్మెలు, అంటే మౌంటింగులు, మూడింటినీ ఇంజిన్ కింద, దాదాపు ఒకే వరుసలో పెట్టాను. బరువు మోయడానికి అవి చాలు, మెలితిరగకుండా ఆపడానికి చాలవు. ఈ ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, 59 న్యూటన్ మీటర్లే కదా అనుకున్నాను. కానీ అడ్డంగా కూర్చునే ఇంజిన్‌కు గేర్‌బాక్సు, రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ అన్నీ ఒకే ముద్ద. చక్రాలకు వెళ్లే టార్క్ మొత్తానికీ ఎదురుతోపు ఆ ముద్దను పట్టుకున్న మౌంటింగుల మీదే పడుతుంది. ఫస్టు గేరులో అది ఇంజిన్ టార్క్‌కు పదిహేను రెట్లు, అంటే దాదాపు 900 న్యూటన్ మీటర్లు. జీపులో ఇంజిన్ పొడవుగా కూర్చుంటుంది కనుక చక్రాల ముందుండే చివరి పళ్లచక్రాల జత, అంటే ఫైనల్ డ్రైవ్, పెంచిన భాగాన్ని యాక్సిల్ చూసుకుంటుంది.

తిరుపతిలో నాకు లేత్ పని చేసిపెట్టే తమ్ముడు, "అన్నా, రబ్బరు తీసేసి ఇనుమే పెట్టేద్దాం, ఇక కదిలితే అడుగు" అన్నాడు. నేను మధ్యేమార్గమని కారు ముందు అద్దం అతికించే పాలీయురేథేన్ జిగురుతో మౌంటింగుల ఖాళీలు నింపాను. ఆ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది, అదీ బయటి నుంచి లోపలికి. మే నెల ఎండలో మందంగా నింపి నాలుగో రోజే బిగించాను. పైన రాయి, లోపల పనసతొన. మళ్లీ విప్పి, ఈసారి పలుచని పొరలుగా నింపి, మూడు వారాలు ఆగాను.

గీత 14 మిల్లీమీటర్లకు తగ్గింది. సంతోషం మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేసేదాకానే. మూడు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 850 చుట్లు తిరిగితే సెకనుకు 21 సార్లు మండుతుంది. పైగా ఊపును సరిచేసే బ్యాలెన్స్ షాఫ్ట్ లేదు కనుక ఆ కొసా ఈ కొసా పైకీ కిందికీ ఊగుతాయి. మెత్తని రబ్బరు మింగేసే ఆ వణుకంతా ఇప్పుడు చాసిస్‌కు ఎక్కింది. సీటు పక్కన పెట్టిన స్టీలు గ్లాసులో మజ్జిగ మీద గుండ్రటి అలలు. అద్దంలో నాకు నేనే ఇద్దరిగా కనిపించాను. రెండో నెలలో సైలెన్సర్ బ్రాకెట్ చీలింది. మా ఆవిడ ఆ బండి ఎక్కనని చెప్పేసింది.

అప్పుడు చేసిందే ఈ టార్క్ రాడ్. మెత్తని కొత్త మౌంటింగులు తెచ్చి యథాప్రకారం పెట్టాను. ఇంజిన్ పైభాగాన, సిలిండర్ హెడ్ బోల్టు దగ్గర ఒక బ్రాకెట్. సీటు వెనుక కమాను గొట్టానికి మరొకటి. రెంటి మధ్య బండి పొడవు దిశలో కడ్డీ. ఇంజిన్ మెలితిరిగే అక్షానికి ఇది 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఆ దూరమే కీలకం. 900ను 0.3తో భాగిస్తే 3,000 న్యూటన్లు, సుమారు మూడు వందల కిలోల లాగుడు. సగం ఎత్తులో పెడితే ఆరు వందల కిలోలయ్యేది. వాలుగా పెట్టినా బలం వృథా, అందుకే పక్క నుంచి చూస్తే కడ్డీ నేలకు సమాంతరంగా ఉండేలా చూసుకున్నాను. ఖర్చు లేత్ కూలీతో కలిపి 1,400 రూపాయలు.

ఇప్పుడు గీత 9 మిల్లీమీటర్లు. మజ్జిగ కదలడం లేదు. సెకండు గేరు ఈ రెండేళ్లలో ఒక్కసారీ జారలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మొదట రెండు కొసలకూ ఉక్కు బాల్ జాయింట్లు పెట్టాను, చూడముచ్చటగా ఉంటాయని. ఎర్రదుమ్ము దూరి నాలుగు నెలలకే గలగల మొదలైంది. పాత కారు సస్పెన్షన్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్‌లు (కీలులో కూర్చునే రబ్బరు గొట్టాలు) వేశాక ఆ గోల పోయింది. కమాను వైపు బ్రాకెట్‌ను గొట్టం నడిమధ్యన వెల్డింగ్ చేయడం ఇంకో పొరపాటు. మూడో నెలలో వెల్డింగ్ పక్కన వెంట్రుకంత పగులు కనిపించింది. రెండు గొట్టాలు కలిసే మూలకు మార్చాక మళ్లీ రాలేదు. బుష్‌ను బండి ఖాళీగా, సమంగా నిలబడి ఉన్నప్పుడే బిగించాలి. ఇంజిన్‌ను జాకీతో ఎత్తి బిగిస్తే రబ్బరు పుట్టుకతోనే మెలిపడి త్వరగా చిరుగుతుంది. ఇది నేను రెండు బుష్‌లు పారేశాక తెలుసుకున్నాను.

ఇంజిన్ వైపు బుష్ కాపుకొకటి పోతోంది, సైలెన్సర్ వేడి, కారిన ఆయిలు రెండూ దాని మీదే కనుక. ఒక రేకు ముక్క అడ్డం పెట్టాను, కొంత నయం. రివర్సులో క్రేట్లతో గట్టు ఎక్కేటప్పుడు ఒక్క టక్ ఇంకా వినిపిస్తుంది. వచ్చే కాపుకు ముందు ఆ బుష్‌ను కాస్త గట్టిదానితో మార్చి, అట్టముక్క మళ్లీ అతికిస్తాను.