లాఫింగ్ గ్యాస్ కట్టడి: పీల్చేవాణ్ని పట్టుకోవాలా, అమ్మేవాణ్ని ఆపాలా?

లాఫింగ్ గ్యాస్ అంటే నైట్రస్ ఆక్సైడ్, కుర్రాళ్లు దాన్ని మత్తు కోసం బెలూన్‌లో నింపి పీలుస్తున్నారు. దాన్ని ఎలా ఆపాలన్న దాని మీద నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జేబులో గ్యాస్ డబ్బా దొరికిన కుర్రాణ్ని కోర్టుకు ఈడ్చే చట్టం కన్నా, పెద్ద సిలిండర్‌ని మామూలు కొట్లో అమ్మకుండా ఆపే చట్టమే మేలు. బ్రిటన్ మొదటి దారి పట్టింది, ఫ్రాన్స్, ఆస్ట్రేలియాలోని పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రం రెండో దారి పట్టాయి, నెదర్లాండ్స్ దాదాపు అంతా మూసేసింది. మన పిల్లలు చదువుకని ఈ దేశాలకే వెళుతున్నారు కాబట్టి ఇది మనకు సంబంధం లేని గొడవ అనుకోవడానికి లేదు.

నైట్రస్ ఆక్సైడ్‌ని పూర్తిగా నిషేధించడం కుదరదు. పళ్ల డాక్టర్లకు అది కావాలి, పురిటి నొప్పులప్పుడు ఆక్సిజన్‌తో సగం సగం కలిపి ఇస్తారు, కేకుల మీద క్రీమ్ నురగలా పొంగడానికీ అదే వాడతారు. క్రీమ్‌కి వాడే అసలు సరుకు బొటనవేలంత స్టీలు గుళిక, అందులో 8 గ్రాముల గ్యాస్ ఉంటుంది. ఒక గుళిక ఒక బెలూన్‌కి సరిపోతుంది. గొడవంతా 600 గ్రాములు దాటిన సిలిండర్లు మార్కెట్లోకి వచ్చాక ముదిరింది. 640 గ్రాముల సిలిండర్ ఒక్కటి కొంటే 80 గుళికలు కొన్నట్టే, పైగా ఒక్కొక్కటీ విప్పి నింపే పని కూడా లేదు, నాబ్ తిప్పితే చాలు. దాని మీద రంగురంగుల బొమ్మలు, స్ట్రాబెర్రీ, మామిడి ఫ్లేవర్లు. అవి ఏ పేస్ట్రీ షెఫ్ కోసమూ కాదు, పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం.

ఎంత పీలుస్తున్నారన్నదే ఇక్కడ అసలు విషయం, ఎందుకంటే దెబ్బ పడేది బి12 మీద. ఈ గ్యాస్ విటమిన్ బి12లోని కోబాల్ట్‌ని ఆక్సీకరించి దాన్ని పని చేయకుండా చేస్తుంది. నరాల చుట్టూ ఉండే పొర నిలవాలంటే బి12 ఉండాలి. ఎడతెగకుండా పీల్చేవాళ్లకి ముందు పాదాలు తిమ్మిరెక్కుతాయి, తర్వాత నడుస్తుంటే కాలు ఎక్కడ పడుతోందో తెలియదు, సింక్ దగ్గర మొహం కడుక్కోవడానికి కళ్లు మూసుకోగానే తూలిపోతారు. వెన్నుపాము దెబ్బతిందన్నమాట. రక్తంలో బి12 చూస్తే మామూలుగానే కనిపించవచ్చు, అందుకే డాక్టర్లు బి12 పని చేయనప్పుడు పెరిగే హోమోసిస్టీన్, మిథైల్ మలోనిక్ యాసిడ్ కూడా చూస్తారు. శాకాహారం తినే మన ఇళ్లలో బి12 అసలే తక్కువ, కాబట్టి మన పిల్లలకి ముప్పు ఇంకాస్త ఎక్కువ. ఈ మాట తల్లిదండ్రులకి చెప్పేవాళ్లు తక్కువ.

ఇప్పుడు బ్రిటన్ సంగతి. 2016 చట్టం ప్రకారం మత్తు కోసమని తెలిసి అమ్మితేనే నేరంగా ఉండేది. 2023 నవంబర్ 8 నుంచి దీన్ని క్లాస్ సి (అక్కడి మూడు తరగతుల్లో చివరిది) మత్తు పదార్థాల్లో చేర్చారు, మత్తు కోసం దగ్గర ఉంచుకున్నా రెండేళ్ల వరకు జైలు, అమ్మితే పద్నాలుగేళ్ల వరకు. ప్రభుత్వానికి సలహా ఇచ్చే నిపుణుల మండలి అదే ఏడాది మార్చిలో ఈ పని వద్దనే చెప్పింది, అయినా వినలేదు. ఈ చట్టంలో మంచి లేదనను: పార్కుల్లో గుంపులు గుంపులుగా కూర్చుని పీల్చి డబ్బాలు పారేసి పోతుంటే పోలీసులకి ఏదో ఒక అధికారం కావాలి, ఆ వీధుల్లో ఉండేవాళ్ల బాధ నిజమైనదే. కానీ క్రీమ్ కోసం కొనేవాళ్లకి లైసెన్సు అక్కర్లేదు, అంటే నేరమా కాదా అన్నది కొన్నవాడి ఉద్దేశాన్ని బట్టి తేలుతుంది. ఆ ఉద్దేశం కౌంటర్ దగ్గర కనపడదు, పార్కులో కనపడుతుంది. అందుకని భారమంతా అమ్మినవాడి మీద కాక పీల్చినవాడి మీద పడుతుంది. స్టూడెంట్ వీసా మీద ఉన్న కుర్రాడికైతే మత్తు కేసు అంటే చదువుతో పాటు వీసా టెన్షన్ కూడా. అలాంటివాడు కాళ్లు తిమ్మిరెక్కినప్పుడు డాక్టర్‌తో నిజం చెబుతాడా? గ్యాస్ మానేసి బి12 ఇంజెక్షన్లు మొదలుపెడితే చాలామంది కోలుకుంటారు, ఆలస్యమైతే కొంత నష్టం అలాగే మిగిలిపోతుంది. భయం వల్ల పోయే ఆ రోజులే నాకు బ్రిటన్ పద్ధతిలో మింగుడుపడనివి.

నెదర్లాండ్స్ 2023 జనవరి 1 నుంచి వైద్యానికీ ఆహార పరిశ్రమకీ తప్ప అమ్మకం, దిగుమతి, దగ్గర పెట్టుకోవడం అన్నీ నిషేధించింది. అక్కడ కారు నడుపుతూనే బెలూన్ పీల్చి యాక్సిడెంట్లు చేసేవాళ్లు, కాబట్టి ఆ కోపం అర్థం చేసుకోదగ్గదే. అయితే చట్టంగా అమ్మిన రోజుల్లో ఖాళీ సిలిండర్ తిరిగిస్తే డిపాజిట్ వచ్చేది, ఇప్పుడు అది లేదు. దాంతో సిలిండర్లు చెత్తబుట్టలో పడుతున్నాయి, చెత్త కాల్చే ప్లాంట్లలోకి వెళ్లి పేలుతున్నాయి. అక్కడ పనిచేసేవాళ్ల సంగతి చట్టం రాసినప్పుడే ఆలోచించాల్సింది.

వయసు చూసి అమ్మే పద్ధతి ఒక్కటే చాలంటే నేను ఒప్పుకోను. న్యూయార్క్ 2021లో 21 ఏళ్లలోపు వాళ్లకి గుళికలు అమ్మకూడదంది. కొన్ని షాపులు క్రీమ్ స్ప్రే డబ్బాకి కూడా ఐడీ అడగడం మొదలుపెడితే, ఇది గుళికల గురించే అని చట్టం తెచ్చినాయనే చెప్పాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలోనే ఇంకో రాష్ట్రం సౌత్ ఆస్ట్రేలియా ఇంకాస్త ఆలోచించింది, 18 ఏళ్ల నిబంధనతో పాటు రాత్రి 10 నుంచి పొద్దున 5 దాకా అమ్మకమే వద్దంది. అర్ధరాత్రి క్రీమ్ గ్యాస్ కావాలనేవాడు ఎందుకు కొంటున్నాడో వేరే చెప్పక్కర్లేదు కాబట్టి ఈ నిబంధన నాకు నచ్చింది. కానీ ఇరవై రెండేళ్ల కుర్రాడి వెన్నుపాముకీ పదిహేడేళ్లవాడి వెన్నుపాముకీ తేడా లేదు కదా.

ఫ్రాన్స్ చేసింది చూడండి. 2021 జూన్ 1 చట్టంతో మైనర్లకి అమ్మకం ఆపి, బార్లు, నైట్‌క్లబ్బులు, సిగరెట్ కొట్లలో ఎవరికీ అమ్మకూడదని చెప్పింది, తప్పితే 3,750 యూరోల జరిమానా. అసలు మలుపు 2024 జనవరి 1న. అప్పటినుంచి మామూలు మనుషులకి ఒక్కోటీ 8.6 గ్రాములు మించని గుళికలు, ఒకసారికి పది మాత్రమే, పెద్ద సిలిండర్ అసలు లేదు. ఇంట్లో పుట్టినరోజు కేకుకి పది గుళికలు ఎక్కువే, రోజుకి వంద బెలూన్లు పీల్చేవాడికి మాత్రం పది బొత్తిగా చాలవు. కుర్రాడి మనసులో ఏముందో పోలీసు ఊహించనక్కర్లేదు, సిలిండర్ అమ్మితే అమ్మినవాడిదే తప్పు. పశ్చిమ ఆస్ట్రేలియా 2024 అక్టోబర్ 31 నుంచి ఇంకో అడుగు వేసి జనానికి అమ్మకమే తీసేసింది, రిజిస్టరైన ఆహార వ్యాపారాలకీ, వైద్యం లాంటి అవసరాలకీ మాత్రమే ఉంచింది. ఇంట్లో క్రీమ్ చేసుకునేవాళ్లకి కాస్త ఇబ్బందే, ఆ ఇబ్బంది నాకు పెద్దగా అనిపించదు, చేత్తో గిలక్కొట్టినా క్రీమ్ పొంగుతుంది.

ఈ రెండింటిలో ఏదంటే, చట్టం ఇప్పుడే రాయబోయే చోట నేను ఫ్రాన్స్ పరిమితినే ఎంచుకుంటాను, దానికి పశ్చిమ ఆస్ట్రేలియా నుంచి ఒకటి కలిపి: పెద్ద సిలిండర్ కొనే ప్రతి వ్యాపారానికీ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. దాంతో పాటు అమ్మినవాడు అది రాసి పెట్టుకోవాలి, ఖాళీది వెనక్కి తీసుకోవాలి. ఫ్రాన్స్ లోటు ఆన్‌లైన్‌లో ఉంది, మెసేజ్ పెడితే అర్ధరాత్రి ఇంటికి తెచ్చిచ్చేవాళ్లు ఈ పది గుళికల లెక్క పట్టించుకోరు. పోలీసుల టైము పార్కుల్లో పిల్లల జేబులు వెతకడం మీద కాకుండా ఈ డెలివరీ ముఠాల మీదా, వాళ్లకి సరుకు దింపే గోడౌన్ల మీదా పెట్టాలి. మన దగ్గర వైట్నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చే పిల్లల్ని రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఎన్నేళ్లుగా చూస్తున్నాం, ఆ పిల్లల్ని తరిమితే పక్క స్టేషన్‌కి పోయారే తప్ప మానలేదు.